చిల్లపెంకుల సాక్ష్యం: ఆకారం చెప్పేది కొంత, మసి చెప్పేది కొంత

పాతకాలపు ఊరు ఉన్న చోట తవ్వకం మొదలుపెడితే అన్నిటికన్నా ఎక్కువగా బయటపడేవి చిల్లపెంకులే. బంగారాన్ని కరిగించి మళ్లీ వాడుకుంటారు. చెక్క పుచ్చిపోతుంది, బట్ట చివికిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది. కాల్చిన మట్టి మాత్రం పగులుతుందే కానీ పోదు. ఐదారు వందల డిగ్రీల వేడి దాటాక బంకమట్టిలోని ఖనిజాల అమరికే మారిపోతుంది. ఆ తర్వాత ఎన్నాళ్లు నీళ్లలో నానినా అది మళ్లీ ముద్ద కాదు. చైనాలోని జియాంగ్సీ ప్రాంతంలో, షియన్‌రెన్‌డాంగ్ అనే గుహలో దొరికిన పెంకుల వయసు సుమారు 20,000 ఏళ్లు. వ్యవసాయం ఇంకా మొదలుకాని కాలమది. ఆ పెంకుల్లో కొన్నిటికి బయటివైపు మసి మరకలు ఉన్నాయి. అంటే విత్తనం నాటడం నేర్చుకోవడానికి వేల ఏళ్ల ముందే మనిషి కుండను నిప్పు మీద పెట్టాడన్నమాట.

పెంకు చేతికి రాగానే రెండు ప్రశ్నలు వస్తాయి. ఇది ఏ ఆకారం పాత్రలోది? ఆ పాత్రను దేనికి వాడేవారు? చాలా కాలం పాటు మొదటిదానికి జవాబు దొరికితే రెండోదానికీ దొరికినట్టే అనుకున్నారు. వెడల్పు నోరుంటే గిన్నె, గిన్నె అయితే తినడానికి. సన్నటి మెడ ఉంటే కూజా, కూజా అయితే నీళ్లకు. ఈ తర్కం పూర్తిగా తప్పు కాదు కానీ, సగమే. ఆకారంలో కనిపించేది చేసినవాళ్ల ఉద్దేశం. వాడినవాళ్లు దానితో నిజంగా ఏం చేశారన్నది మసిలో, గీతల్లో, మట్టి రంధ్రాల్లోకి ఇంకిన కొవ్వులో ఉంటుంది. ఈ రెండు సాక్ష్యాలనూ విడివిడిగా విని, ఆ తర్వాతే పక్కపక్కన పెట్టి చూడాలి. పెంకుల అధ్యయనం గత యాభై ఏళ్లలో సాధించిన అసలు ప్రగతి ఇదే.

అంచు ముక్క ఉంటే చాలు

ముందు ఆకారం సంగతి. సారె మీద తీసిన కుండ నడిమధ్య నిలువు గీత చుట్టూ అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. అందువల్ల ఒక్క పక్క వంపు తెలిసి, అది మధ్య గీతకు ఎంత దూరంలో ఉందో తెలిస్తే మొత్తం పాత్రను కాగితం మీద గీసేయొచ్చు. అంచు నుంచి అడుగు దాకా తెగకుండా దొరికే వంపు చాలా అరుదు. అందుకే అంచు ముక్కకు అంత విలువ. అంచు ఒక్కటే రెండు సంగతులు చెప్పగలదు: నోరు ఎంత వెడల్పు, గోడ ఏ వైపుకు వాలి ఉంది.

వాలు తెలుసుకునే పద్ధతి చాలా సులువు. అంచు కిందికి వచ్చేలా పెంకును చదునైన బల్ల మీద బోర్లించి, అటూ ఇటూ మెల్లగా వంచుతారు. అంచుకూ బల్లకూ మధ్య వెలుతురు కనిపించని స్థితి ఒకటి వస్తుంది. కుండ నిలబడి ఉన్నప్పుడు ఆ గోడ వాలు అదే. నోటి వెడల్పు కోసం ఒకే కేంద్రం చుట్టూ గీసిన వలయాల పటం మీద అంచును ఆనించి, ఏ వలయంతో కలుస్తుందో చూస్తారు. లెక్క వేసి కూడా తేల్చవచ్చు. అంచు రెండు కొసల మధ్య సూటి దూరాన్ని, ఆ గీత మధ్యలోంచి అంచు వంపు ఎంత ఎత్తు లేచిందో ఆ ఎత్తునూ కొలవాలి. సూటి దూరాన్ని దానితోనే గుణించి, ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, ఎత్తులో సగం కలిపితే వ్యాసార్ధం వస్తుంది. దూరం 8 సెంటీమీటర్లు, ఎత్తు 1 సెంటీమీటరు అయితే వ్యాసార్ధం 8.5, అంటే నోరు 17 సెంటీమీటర్లు. అదే ఎత్తును పొరపాటున ఒక మిల్లీమీటరు తక్కువగా, 0.9 అని కొలిస్తే నోటి వెడల్పు 18.7కి పోతుంది. ముక్క చిన్నదయ్యేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అంచులో పదో వంతు కూడా లేని ముక్కను పట్టుకుని కుండ కొలతలు ఖాయంగా చెప్పేవాళ్లను కాస్త అనుమానించాల్సిందే. చేత్తో ఒత్తి చేసిన కుండలతో మరీ జాగ్రత్త అవసరం, వాటి నోరు అసలే ఖచ్చితమైన గుండ్రం కాదు.

మిగతా ముక్కలూ తమ వంతు చెబుతాయి. అడుగు ముక్క చూస్తే పాత్ర తనంతట నిలబడేదా, కుదురు మీదో ఇసుకలోనో పెట్టేదా అన్నది తెలుస్తుంది. అడుగున వంపు గీతలు ఉంటే తిరుగుతున్న సారె మీంచి దారంతో కోసి తీశారని అర్థం. లోపలి గోడ మీద అడ్డంగా సాగే సన్నటి గాళ్లు ఉంటే, ఆ పెంకును ఏ వైపు నిలబెట్టి చూడాలో అవే చెబుతాయి. కొమ్ము ఉంటే పోసే పాత్ర, పిడి ఉంటే ఎత్తే పాత్ర.

ఇక్కడ పేర్లతో ఒక చిక్కు వస్తుంది. ముక్కకు ‘వంట కుండ’ అని పేరు పెట్టగానే వాడుక తేలిపోయినట్టు అనిపిస్తుంది. ఈ చిక్కును తప్పించడానికి అమెరికన్ పరిశోధకురాలు అన్నా షెపర్డ్ 1956లో ఒక వర్గీకరణ ఇచ్చారు. అందులో పేర్లతో పని లేదు, చూడాల్సింది వంపునే. గోడ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ నిట్టనిలువుగా నిలుస్తోంది, ఎక్కడ లోపలి వంపు బయటి వంపుగా మారుతోంది, ఎక్కడ కోణంగా విరుగుతోంది? ఈ బిందువులను బట్టి నోరు తెరుచుకున్న పాత్రలు, నోరు ముడుచుకున్న పాత్రలు, విడిగా మెడ ఉన్న పాత్రలు అని విభజన. వాడుక గురించి ఒక్క మాటా అనకుండా ఆకారాన్ని ఆకారంగానే వర్ణించే ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తోంది.

ఎన్ని పాత్రలు ఉండేవో లెక్కపెట్టడమూ పైకి కనిపించినంత తేలిక కాదు. పెద్ద బాన పగిలితే వంద ముక్కలవుతుంది, చిన్న గిన్నె నాలుగైదు ముక్కలే. ముక్కలను లెక్కపెడితే ఆ ఇంట్లో అన్నీ బానలే ఉన్నట్టు తేలుతుంది. తూకం వేసినా బరువైన పాత్రల వైపే మొగ్గు ఉంటుంది. దీనికి విరుగుడుగా అంచు వాటాలను కలిపే పద్ధతి వచ్చింది. ఒక ముక్క అంచు వలయంలో 30 శాతం, ఇంకోటి 45 శాతం, మరోటి 25 శాతం ఉంటే మొత్తం ఒక పాత్రతో సమానం. బ్రిటిష్ పరిశోధకుడు క్లైవ్ ఆర్టన్ ఈ లెక్కకు గట్టి గణిత పునాది వేశారు. ఏ ఆకారం పాత్రలు ఎంత పాళ్లలో ఉన్నాయో సరిగ్గా తెలియకుండా, ఇక్కడ వండేవారు, అక్కడ నిల్వ చేసేవారు అని చెప్పడం గాలిలో మేడలు కట్టడమే.

నిప్పు, నీరు, ఓడ

ఆకారానికీ పనికీ మధ్య నిజమైన సంబంధం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. నిప్పు మీద పెట్టే కుండనే చూడండి. కింద మంట, లోపల నీళ్లు, పైన గాలి. గోడలో ఒక చోట వేడి, పక్కనే చల్లదనం. వేడెక్కిన చోట మట్టి వ్యాకోచిస్తుంది, పక్క భాగం కదలదు, పగులు పడుతుంది. దీన్ని తట్టుకోవాలంటే గోడ పల్చగా ఉండాలి, వేడి త్వరగా లోపలికి చేరిపోయేలా. మూలలు ఉండకూడదు, ఒత్తిడి అక్కడే పేరుకుంటుంది. అందుకే ప్రపంచంలో ఎన్నో చోట్ల, ఒకరి సంగతి ఒకరికి తెలియని కాలాల్లో కూడా, వంట కుండలు గుండ్రటి అడుగుతోనే కనిపిస్తాయి.

మట్టిలో ఏం కలిపారన్నదీ ముఖ్యమే. పెంకు విరిగిన అంచును భూతద్దంలో చూస్తే ఇసుక రేణువులు, దంచిన గవ్వల పొడి, పాత కుండల పొడి, కాలిపోయిన ఊక వదిలిన ఖాళీలు కనిపిస్తాయి. స్ఫటిక ఇసుక సుమారు 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది. గవ్వల పొడి మాత్రం దాదాపు మట్టితో సమానంగానే వ్యాకోచిస్తుంది, పుట్టిన చిన్న పగులును ముందుకు పాకకుండా అడ్డుకుంటుంది. ఉత్తర అమెరికాలో మిసిసిపీ నది పరీవాహకంలో సుమారు వెయ్యేళ్ల కిందట గవ్వల పొడి కలిపిన కుండలు విస్తరించడానికి ఇదొక కారణం. అదే ఖండం మధ్యభాగంలో, అంతకు ముందరి శతాబ్దాల కుండల గోడలు క్రమంగా పల్చబడటాన్ని డేవిడ్ బ్రౌన్ 1983లో చూపించారు. పిండిపదార్థం ఉన్న గింజలను ఎక్కువసేపు ఉడకబెట్టాల్సి రావడంతో కుమ్మరులు గోడ మందం తగ్గించుకుంటూ వచ్చారన్నది ఆయన వాదన. మిల్లీమీటర్లలో ఉన్న ఈ మార్పు తిండి మారిన కథ చెబుతోంది. అలంకారం లేని, ఎవరూ పట్టించుకోని గోడ పెంకుల మందం కొలిస్తేనే ఇది బయటపడింది.

నీళ్ల కుండకు దీనికి విరుద్ధమైన గుణం కావాలి. సన్నటి రంధ్రాల్లోంచి నీరు చెమ్మగా బయటికి వచ్చి ఆవిరవుతుంటేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. నిల్వ బానకు మందపాటి గోడ, మూత పెట్టడానికి వీలైన అంచు కావాలి. అలంకారం ఉన్న చోటు కూడా సూచనే. భారత తూర్పు తీరాన అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు నున్నటి పళ్లాల ముక్కలు దొరికాయి. వాటి లోపలి అడుగున వలయాలుగా చిన్న చిన్న గాట్ల వరసలు ఉన్నాయి. నగిషీ లోపల ఉందంటే పైనుంచి చూసే పాత్ర అని, లోతు తక్కువ అని, నోరు వెడల్పు అని ముక్క చూసి చెప్పొచ్చు.

ఓడ సరుకు పాత్రల్లో ఆకారం, పని ఇంకా గట్టిగా ముడిపడి ఉంటాయి. మధ్యధరా సముద్రం మీద తిరిగిన ఆంఫొరాలకు, అంటే నూనె లాంటి సరుకు మోసిన రెండు పిడుల జాడీలకు, చాలావరకు అడుగున మొన ఉంటుంది. నేల మీద నిలబడని పాత్రను ఎందుకు చేశారు? ఓడ అడుగు గదిలో కింది వరస ఆంఫొరాల భుజాల మధ్య ఖాళీల్లో పై వరస మొనలు దిగబడతాయి. కదలకుండా వరసలు పేర్చవచ్చు. వంపేటప్పుడు ఆ మొన మూడో పిడిగా పనిచేస్తుంది. రోమ్ నగరంలో మోంటే టెస్టాచియో అనే గుట్ట ఉంది, ఎత్తు సుమారు 35 మీటర్లు. అది మొత్తం ఆంఫొరాల పెంకులే. అయిదు కోట్లకు పైగా పాత్రలు అందులో ఉన్నాయని అంచనా. ఎక్కువ భాగం స్పెయిన్ దక్షిణ ప్రాంతం నుంచి ఆలివ్ నూనె తెచ్చిన గుండ్రటి పాత్రలవి. ఖాళీగా ఉన్నా ఒక్కోటి సుమారు 30 కిలోల బరువు, పట్టేది సుమారు 70 లీటర్లు. నూనె గోడలోకి ఇంకిపోవడంతో మళ్లీ వాడుకోవడానికి పనికిరాక, పద్ధతి ప్రకారం పగలగొట్టి పేర్చారు. హైన్రిక్ డ్రెసెల్ 1872లో ఈ గుట్ట మీది ముక్కలను చదవడం మొదలుపెట్టారు. వాటి మీద సిరాతో రాసిన బరువులు, వర్తకుల పేర్లు, పిడుల మీది ముద్రలు చూసి ఆయన వేసిన ఆకారాల పట్టికలోని నంబర్లే ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఇక్కడ పాత్రలో ఏముందో ఊహించే పని లేదు, పాత్ర మీదే రాసి ఉంది. ఇలాంటి అదృష్టం చాలా తక్కువ చోట్ల దక్కుతుంది.

ఆకారం దారి తప్పించే చోట

ఆకారాన్ని మాత్రమే నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి మెసొపొటేమియా గిన్నెలను మించిన ఉదాహరణ లేదు. క్రీ.పూ. నాలుగో సహస్రాబ్దిలో, ఉరుక్ నగరం ఎదిగిన కాలంలో, ఇప్పటి ఇరాక్, సిరియా, ఇరాన్ ప్రాంతాల్లో ఒకే రకం మోటు గిన్నెలు లెక్కకు మించి దొరుకుతాయి. అంచు ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది. మట్టిలో ఊక ఎక్కువ, కాల్చడం తక్కువ. అచ్చులో గబగబా ఒత్తి చేసినవి. కొన్ని స్థలాల్లో దొరికిన పెంకుల్లో సగానికి మించి ఇవే.

ఇవి దేనికి? కూలీలకు కొలిచి ఇచ్చే తిండి గిన్నెలని హాన్స్ నిస్సెన్ వాదించారు. దానికి మంచి ఆధారమే ఉంది. తొలి మట్టి పలకల మీద తిండిని సూచించే గుర్తు అచ్చం ఈ గిన్నెలాగే ఉంటుంది. తినడాన్ని సూచించే గుర్తులో మనిషి తల, పక్కన ఇదే గిన్నె. ఎదుగుతున్న రాజ్యం, లెక్కలు రాసే గుమాస్తాలు, వరసలో నిలబడ్డ కూలీలు... బొమ్మ చక్కగా కుదిరింది. కానీ గిన్నెలను కొలిచి చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పట్టే పరిమాణంలో చాలా తేడా ఉంది, కొలపాత్రకు ఉండాల్సిన నిక్కచ్చితనం లేదు. తర్వాత ఇంకొందరు ఇవి రొట్టె అచ్చులన్నారు, ఈజిప్టులో రొట్టె కాల్చిన మోటు అచ్చులతో పోల్చి చూపించారు. ఉప్పు ఆరబెట్టడానికన్నవాళ్లూ ఉన్నారు. దశాబ్దాల పాటు ఈ వాదం ఆకారం చుట్టూనే తిరిగింది. ఈమధ్యే ఇరాక్ ఈశాన్య ప్రాంతంలోని షాఖీ కోరా స్థలంలో దొరికిన గిన్నెల గోడల్లోని అవశేషాలను రసాయన పద్ధతిలో పరీక్షించారు. వాటిలో మాంసపు కొవ్వు ఆనవాళ్లు కనిపించాయి, పులుసు లాంటిదేదో వడ్డించారని పరిశోధకుల అభిప్రాయం. దీంతో రొట్టె వాదం కొట్టుకుపోయినట్టు కాదు. అన్ని ఊళ్లలోనూ, అన్ని శతాబ్దాల్లోనూ ఒకే గిన్నెకు ఒకే పని ఉండేదన్న నమ్మకం మాత్రం నిలవదు.

ఆకారంలో ఒక భాగం పని పోగొట్టుకుని కూడా బతికి ఉండొచ్చు. ఈజిప్టులో రాజవంశాలకు ముందు కాలపు సమాధులను తవ్విన ఫ్లిండర్స్ పెట్రీ దీన్ని 1899లోనే గుర్తించారు. పొట్ట లావుగా ఉన్న తొలి కుండలకు రెండు పక్కలా అలల్లాంటి పిడులు ఉండేవి, వేళ్లతో పట్టుకోవడానికి వీలుగా. కాలం గడిచేకొద్దీ కుండ సన్నబడి గొట్టంలా మారింది, పిడులు చిన్నవై, చివరికి గోడ చుట్టూ అలంకారంగా గీసిన అలల గీతగా మిగిలాయి. ఈ వరసను పట్టుకునే పెట్రీ సమాధులకు 30 నుంచి 80 దాకా వరస సంఖ్యలు ఇచ్చి, తేదీలు తెలియని కాలాన్ని క్రమంలో పెట్టారు. చివరి దశ ముక్క ఒక్కటే దొరికితే ఆ గీత ఒకప్పుడు పిడి అని ఎవరూ చెప్పలేరు.

మసి, మాడు, గీతలు

వాడుకను చెప్పే సాక్ష్యాల్లో కంటికి కనిపించేవి ముందు చూడాలి. కుండను మంట మీద పెడితే బయట మసి అంటుతుంది, కానీ అంతటా ఒకేలా అంటదు. సుమారు 400 డిగ్రీలు దాటిన చోట మసి కాలిపోయి మట్టి రంగు తేలుతుంది. అందువల్ల నిప్పుకు బాగా దగ్గరగా ఉన్న అడుగు తెల్లగా, చుట్టూ పక్కలు నల్లగా ఉంటే కుండ నేరుగా నిప్పుల్లో కూర్చుందని ఊహించవచ్చు. లోపలి వైపు ఇంకా విలువైన కథ ఉంటుంది. నీళ్లున్నంత వరకు లోపలి గోడ వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది, అక్కడ తిండి మాడదు. నీటి మట్టం పైన గోడ మీద చిందిన తిండి మాత్రం మాడి వలయంలా అంటుకుంటుంది. ఆ వలయం ఎత్తు కొలిస్తే కుండను ఎంతవరకు నింపేవారో తెలిసిపోతుంది. నీళ్లు ఇగిరిపోయేదాకా వండితే మాడు అడుక్కి దిగుతుంది.

ఇదంతా ఊహగా మిగిలిపోకుండా చూసింది ఫిలిప్పీన్స్‌లో జరిగిన పరిశీలన. లుజాన్ ద్వీపం ఉత్తర కొండల్లో కలింగ ప్రజలు 1970, 80ల్లో కూడా మట్టి కుండల్లో వండుకునేవారు. విలియం లాంగేకర్ 1973లో అక్కడ పని మొదలుపెట్టారు. తర్వాత జేమ్స్ స్కిబో వాళ్లు వండుతుండగా చూసి, ఆ కుండల మీద పడే గుర్తులను నమోదు చేశారు. వాళ్లకు అన్నం కుండలు వేరు, కూరగాయలు, మాంసం వండే కుండలు వేరు. అన్నం ఉడికి నీళ్లు ఇంకాక కుండను పొయ్యి మీంచి దించి నిప్పుల పక్కన పెట్టి మగ్గనిస్తారు. నిప్పుల వైపు ఉన్న లోపలి గోడ మీద ఒక మాడు మచ్చ ఏర్పడుతుంది. నీళ్లు ఎక్కువగా ఉండే కూర కుండల్లో మచ్చకు బదులు పైన వలయం కనిపిస్తుంది. కడగడం, గరిటెతో కలపడం, నేల మీద పెట్టి తిప్పడం వల్ల పడే గీతలు కూడా ఒక్కో రకం కుండ మీద ఒక్కో చోట పడ్డాయి. పాత పెంకు మీద అలాంటి మచ్చ కనిపిస్తే అది అన్నమే అని కాదు. నీళ్లు ఇంకేదాకా వండి, పక్కన మగ్గబెట్టిన వంట అని మాత్రం చెప్పొచ్చు. వంట పద్ధతి తెలియడం వంటకం పేరు తెలియడం కన్నా తక్కువ విషయమేమీ కాదు.

గీతలూ మసీ కాకుండా మూడో రకం గుర్తు ఒకటి ఉంది. ఇథియోపియా నైరుతి ప్రాంతంలో గామో ప్రజల కుండలను పరిశీలించిన జాన్ ఆర్థర్, బీరు పులియబెట్టిన కుండల లోపలి గోడ పెచ్చులుగా ఊడి గుంటలు పడటం గమనించారు. పులిసేటప్పుడు పుట్టే ఆమ్లం గోడను తినేస్తుంది. ధాన్యం మిగులు ఉన్న ఇళ్లే ఎక్కువగా బీరు చేసుకోగలవు కాబట్టి, అలాంటి పెంకులు ఇంటి కలిమిని కూడా సూచించాయి. మామూలు గోడ పెంకు మీది గుంటలు ఆర్థిక స్థితి దాకా తీసుకెళ్లడం చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

గోడలోకి ఇంకినది

కంటికి కనిపించనిదాన్ని చూపించింది రసాయన శాస్త్రం. మెరుపు పూత లేని మట్టిపాత్ర గోడ నిండా సూక్ష్మ రంధ్రాలు ఉంటాయి. వండినప్పుడల్లా కొవ్వు కొంచెం కొంచెంగా వాటిలోకి ఇంకుతుంది. మట్టిలో పూడ్చుకుపోయినా రంధ్రాల్లో దాగిన కొవ్వుకు నీరు, సూక్ష్మజీవుల బెడద తక్కువ. వేల ఏళ్ల తర్వాత పెంకు పై పొర గీకి తీసేసి, లోపలి మట్టిని ఒకటి రెండు గ్రాములు పొడి చేసి, ద్రావకంతో కొవ్వును బయటికి లాగి, ఆవిరి చేసి భాగాలను వేరు చేసే గ్యాస్ క్రోమటోగ్రఫీతో విడదీస్తారు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఎవర్‌షెడ్ బృందం ఈ పద్ధతిని పరిపక్వం చేసింది.

మాంసపు కొవ్వునూ పాల కొవ్వునూ వేరు చేయడమే దీనిలో అన్నిటికన్నా అందమైన అడుగు. రెండిట్లోనూ అవే కొవ్వు ఆమ్లాలు మిగులుతాయి, చూడటానికి తేడా లేదు. కానీ పశువు పొదుగు 18 కార్బన్ల కొవ్వు ఆమ్లాన్ని తానుగా తయారు చేసుకోలేదు, కొంత భాగం మేత నుంచి వచ్చినదాన్నే పాలలోకి పంపుతుంది. అందువల్ల ఆ ఆమ్లంలో కార్బన్ ఐసోటోపుల, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువుల, పాళ్లు మాంసపు కొవ్వులో కన్నా తేడాగా ఉంటాయి. ఆ స్వల్ప తేడాను కొలిచే పద్ధతి 1998లో వచ్చింది. పదేళ్ల తర్వాత, పశ్చిమాసియా, ఆగ్నేయ ఐరోపాల నుంచి తెచ్చిన 2,200కు పైగా పాత్రల పెంకులను పరీక్షించి, క్రీ.పూ. ఏడో సహస్రాబ్దిలోనే పాలను పాత్రల్లో వాడేవారని, ఇప్పటి టర్కీ వాయవ్య భాగంలో ఆ అలవాటు బాగా ఎక్కువని తేల్చారు.

రంధ్రాల పెంకుల కథ ఆకారం, రసాయనం రెండూ కలిస్తే ఏం జరుగుతుందో చూపిస్తుంది. పోలండ్‌లోని కుయావియా ప్రాంతంలో తొలి రైతుల ఊళ్లలో చిన్న చిన్న రంధ్రాలు పొడిచిన పెంకులు దొరికేవి. ఇవి జున్ను నుంచి నీటిని వడకట్టే జల్లెడలు కావచ్చని పీటర్ బొగుకీ 1980ల్లో సూచించారు. కావచ్చు, కాకపోవచ్చు, ఆకారం అంతవరకే తీసుకెళ్లగలదు. 2012 చివర్లో వెలువడిన పరీక్షల్లో ఆ రంధ్రాల పెంకుల్లో పాల కొవ్వు దండిగా బయటపడింది. అదే ప్రాంతపు రంధ్రాలు లేని వంట కుండల్లో మాంసపు కొవ్వు, సీసాల్లో తేనెమైనం ఉన్నాయి. మైనం బహుశా నీరు ఇంకకుండా పూసినది. ఒక్కో ఆకారానికి ఒక్కో పని అని తేలడంతో, సుమారు 7,000 ఏళ్ల కిందటే అక్కడ జున్ను చేసేవారన్న మాటకు బలం వచ్చింది. అయితే సింధు నాగరికత స్థలాల్లో దొరికే రంధ్రాల గొట్టపు జాడీలకు ఇదే జవాబు అతికించకూడదు. అవి బీరు వడకట్టడానికని కొందరు, పాల పనికని కొందరు, ఇంకేదో అని మరికొందరు అంటూనే ఉన్నారు.

జర్మనీలోని బవేరియాలో కంచు, ఇనుప యుగాల పసిపిల్లల సమాధుల్లో చిన్న కొమ్ము ఉన్న బుల్లి పాత్రలు దొరికాయి. రోగులకు తాగించడానికేమో అన్న అనుమానం ఉండేది. జూలీ డన్ బృందం 2019లో మూడింటిని పరీక్షిస్తే పశువుల పాల ఆనవాళ్లు కనిపించాయి. పక్కన పడుకోబెట్టిన బిడ్డ, చేతిలో పట్టేంత పాత్ర, లోపల పాలు: మూడు సాక్ష్యాలు ఒకే మాట చెప్పాయి.

ఇరాన్‌లోని గోదిన్ తెపేలో క్రీ.పూ. నాలుగో సహస్రాబ్ది చివరి జాడీల్లో ఎర్రటి మరక ఒక పక్క మాత్రమే ఉంది. అంటే జాడీని పడుకోబెట్టి నిల్వ చేశారు. మరకలో ద్రాక్షలో ఎక్కువగా ఉండే టార్టారిక్ ఆమ్లం కనిపించడంతో అది ద్రాక్ష సారాయి అని తేల్చారు. అక్కడే ఇంకో పాత్ర లోపలి గోడ మీద అడ్డదిడ్డంగా గాళ్లు గీసి ఉన్నాయి. ఆ గాళ్లలో బీరు అడుగున పేరుకునే కాల్షియం ఆక్సలేట్ దొరికింది. గాళ్లు అలంకారమైతే బయట ఉండేవి. లోపల ఉండటమే అనుమానం రేపి పరీక్ష దాకా తీసుకెళ్లింది.

రసాయనానికీ హద్దులు ఉన్నాయి. నీళ్లు, ఉప్పు, పొడి ధాన్యం దాదాపు ఏ కొవ్వూ వదలవు. పచ్చి ఆకుకూరల జాడ మాంసపు కొవ్వు కింద మునిగిపోతుంది, అయినా ఇంగ్లండ్‌లోని రాండ్స్ గ్రామపు మధ్యయుగ కుండల్లో క్యాబేజీ ఆకు మైనాన్ని ఎవర్‌షెడ్ బృందం పట్టుకోగలిగింది. ఒకే కుండలో ఏళ్ల తరబడి ఎన్నో వంటలు జరిగితే అన్నీ కలిసిపోయిన కొవ్వే మిగులుతుంది. పెంకు ఏ భాగానిదన్నదీ లెక్కే. ఉడకబెట్టిన కుండలో కొవ్వు పైకి తేలి అంచు దగ్గర ఎక్కువగా ఇంకుతుంది, అడుగులో తక్కువ. అడుగు ముక్క ఒక్కటే పరీక్షించి ఏమీ లేదనడం తొందరపాటు.

పాత్ర బతుకు ఒకే పనితో ముగియదన్న సంగతీ మరిచిపోకూడదు. పగులుకు రెండు వైపులా రంధ్రాలు వేసి తీగతోనో సీసంతోనో కుట్టిన పెంకులు చాలా చోట్ల కనిపిస్తాయి. ఆ తర్వాత ఆ పాత్ర నిప్పు మీదికి వెళ్లి ఉండదు, పొడి వస్తువులకే పనికొచ్చి ఉంటుంది. ఏథెన్స్‌లో క్రీ.పూ. అయిదో శతాబ్దంలో పగిలిన పెంకుల మీద పేర్లు గీకి, ఎవరిని నగరం నుంచి వెలివేయాలో ఓటు వేసేవారు. ఇంకొన్ని చోట్ల పెంకులను గుండ్రంగా అరగదీసి కదురు బిళ్లలుగా, ఆట కాయలుగా వాడుకున్నారు.

ఇన్ని సాక్ష్యాలు మోసే పెంకుల పట్ల తవ్వకాలు చాలా కాలం నిర్దయగా ఉన్నాయి. అంచు, అడుగు, పిడి, బొమ్మలున్న ముక్కలు దాచి, సాదా గోడ పెంకులను లెక్కపెట్టి అక్కడే పారబోయడం మామూలుగా జరిగేది. దాచినవాటిని బ్రష్‌తో రుద్ది కడిగేవారు, మసి, మాడు కొట్టుకుపోయేవి. చేతి చెమట, అతికించే జిగురు, ప్లాస్టిక్ సంచుల్లోని రసాయనాలు కూడా పరీక్ష ఫలితాన్ని పాడుచేస్తాయి. ఇప్పుడు చాలా బృందాలు కొన్ని పెంకులను కడగకుండా, చేతులు తగలకుండా విడిగా తీసిపెడుతున్నాయి. ఇది ప్రతి తవ్వకంలోనూ తప్పనిసరి నియమం కావాలి.

ఆ నియమం ఎందుకు కావాలో అమెరికాలోని చాకో లోయ ఉదాహరణ చెబుతుంది. ప్యూబ్లో బొనీటో అనే పెద్ద కట్టడంలోని ఒక గదిలో 1896లో వందకు పైగా పొడవాటి గొట్టపు జాడీలు దొరికాయి. వాటి పని ఏమిటో వందేళ్లకు పైగా తేలలేదు. మధ్య అమెరికాకు చెందిన మాయా ప్రజలు కకావో (చాక్లెట్ చేసే గింజ) పానీయం తాగిన గొట్టపు పాత్రలతో ఆ ఆకారానికి పోలిక ఉందని ప్యాట్రీషియా క్రౌన్‌కు తట్టింది. మ్యూజియంలో ఉన్న నిండు జాడీలను పొడి చేసి పరీక్షించలేరు. పైగా అవి శతాబ్దం పాటు ఎన్నో చేతులు మారాయి. ఆమె ఆ కట్టడం పక్కన చెత్త దిబ్బలో కొత్తగా తవ్వి తీసిన ముక్కలను ఎంచుకున్నారు. రసాయన శాస్త్రవేత్త జెఫ్రీ హర్స్ట్ వాటిని పరీక్షిస్తే కకావోలో ఉండే థియోబ్రోమిన్ కనిపించింది. 2009లో వెలువడిన ఆ ఫలితంతో, వెయ్యేళ్ల కిందట కకావో గింజలు వాటి చెట్లు పెరిగే దక్షిణ అడవుల నుంచి రెండు వేల కిలోమీటర్లకు పైగా ఎడారి లోయ దాకా ప్రయాణించాయని తెలిసింది. అద్దాల పెట్టెలో భద్రంగా ఉన్న జాడీలు చెప్పలేని ఆ సంగతి చెత్త దిబ్బలోని పెంకుల్లో దొరికింది.